పిట్టలు లేని ఇల్లు

భర్తకు దగ్గు మొదలైనప్పుడు డాక్టరమ్మ పెద్దగా పట్టించుకోలేదు. రోజంతా ఊపిరితిత్తులతోనే గడిపే మనిషికి ఇంటికొచ్చాక దగ్గు చెవిన పడకపోవడంలో వింతేమీ లేదు. ఆసుపత్రిలో కిటికీలు లేని ఒక పొడవాటి గది ఆమెది. ఛాతీ డాక్టర్లు గొట్టం దించి గిల్లి తీసిన ముక్కలు, సర్జన్లు కోసి పంపిన ఊపిరితిత్తి భాగాలు అక్కడికి చేరతాయి. వాటిని మైనంలో బిగించి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, ఊదా గులాబి రంగులు అద్దాక ఆమె మైక్రోస్కోపు కిందికి తెస్తారు. అది గడ్డా, కాదా? గడ్డయితే ఏ రకం, ఎంతవరకు పాకింది? గడ్డ కాకపోతే క్షయా, రాతిపొడా, పొగా, మరొకటా? ఆమె చెప్పేదాకా మిగతా డాక్టర్లు చెయ్యి కదపరు. అందుకే వెనకాల ఆమెను తీర్పు డాక్టరమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోలోపల సంతోషమే.

భర్త సర్వే ఆఫీసులో నక్షాలు గీస్తాడు. మెత్తటి మనిషి, మాట తక్కువ. పెళ్లయిన కొత్తలో బిడియం అనుకుంది. తర్వాత స్వభావం అనుకుంది. ఆ తర్వాత అనుకోవడమే మానేసింది. బుధవారం, శనివారం సాయంత్రాలు ఆయన నడకకి వెళ్లేవాడు. ఆ సాయంత్రాలు ఆమెకు పనెక్కువ కాబట్టి, ఎటు నడిచారని ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు పొద్దున ఆయన వంగి బూటు లేసు కట్టుకుంటూ మధ్యలో ఆగి, కుర్చీలో వెనక్కి వాలి, చేప నోరు తెరిచినట్టు గాలి పీల్చాడు. డాక్టరమ్మ చేతిలోని గిన్నె అక్కడే పెట్టేసింది. ఆయన వీపు మీద చెవి ఆనించి విన్నది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపల అతుక్కున్న సంచి పట్టీని చర్రున ఊడదీసినట్టు చిటపటలు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"ఎలా?"

"ఆయాసం."

"మెట్లెక్కితేనే," అన్నాడాయన. కాస్త ఆగి, "ఈ మధ్య దిగినా వస్తోంది," అన్నాడు.

స్కానింగులో రెండు ఊపిరితిత్తుల్లోనూ పొగమంచు కమ్మినట్టు మచ్చలు కనిపించాయి. ఛాతీ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఏదైనా కావచ్చు మేడమ్. మీకు నేను చెప్పక్కర్లేదు." చెప్పక్కర్లేనిది ఏమిటో ఆమెకు తెలుసు. ఒకరకం గడ్డ ముద్దలా పెరగకుండా గాలి సంచుల గోడల వెంట పల్చగా పాకుతుంది. స్కానింగులో అదీ ఇలాగే మంచులా కనిపిస్తుంది. అలాంటివి ఆమె ఎన్ని చూసిందో లెక్కలేదు. వాటి వెనక ఒక మనిషి ఉంటాడనీ, ఆ మనిషికి బూటు లేసులు ఉంటాయనీ అప్పుడే కొత్తగా తెలిసినట్టయింది.

ముక్క తీశారు. సొంత మనుషుల పలకలు తాము చూడకూడదని ఆ గదిలో ఒక పద్ధతి. కాబట్టి ఆ పని ఆమె తోటి డాక్టరుకి వెళ్లింది. ఏ పలకనైనా అంగుళం అంగుళం చూస్తాడు కాబట్టి ఆయన్ని నత్త డాక్టరు అనేవారు. ఆరోజు ఆ నత్తతనం డాక్టరమ్మ ప్రాణం తోడేసింది. గదికి ఈ చివర తన మైక్రోస్కోపులో కళ్లు పెట్టి ఏదో చూస్తున్నట్టు కూర్చుంది. దాని కింద అసలు పలకే పెట్టలేదని చాలాసేపటికి గానీ గమనించలేదు.

"మేడమ్, ఇలా రండి," అన్నాడు నత్త డాక్టరు. ఆయన ముఖంలో నవ్వుంది. "గడ్డ కాదు."

ఆమె వెళ్లి అదే మైక్రోస్కోపుకున్న రెండో కళ్లగొట్టంలోంచి చూసింది. గాలి సంచుల గోడలు ఉబ్బి ఉన్నాయి. చిన్న గాలి గొట్టాల చుట్టూ తెల్లకణాలు సంతలో జనంలా మూగాయి. అక్కడక్కడా నాలుగైదు కణాలు కలిసిపోయి పెద్ద ముద్దలై, వదులు వదులుగా గుంపులు కట్టాయి. క్షయలోలాగా మధ్యలో కుళ్లు లేదు. గడ్డ కణం ఒక్కటీ లేదు. ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. చదివిన చదువంతా పక్కకు పోయి, బతికాడు అన్న ఒక్క ముక్కే తలలో తిరిగింది.

"మీ ఇంట్లో పిట్టలున్నాయా మేడమ్?" అని అడిగాడు నత్త డాక్టరు.

"లేవు."

"బాల్కనీలో పావురాలు?"

"వల కట్టించాం."

"ఈకల దిండ్లు? ఎక్కడైనా బూజు? చెమ్మ?"

"మా ఇల్లు మీరు చూశారుగా."

"చూశాను. మీ ఇంట్లోకి దుమ్ము రావాలన్నా ముందు మీ పర్మిషన్ తీసుకోవాలి," అని నవ్వి, ఆయన మళ్లీ కళ్లగొట్టంలోకి వంగాడు. "ఇది మాత్రం పిట్టల ధూళి పనే. ఏళ్ల తరబడి పీల్చి ఉండాలి. ఇంట్లో కాదంటే ఇంకెక్కడో పీలుస్తున్నారన్నమాట."

ఆయన జబ్బు గురించే అన్నాడు. ఆ మాట చెవిలోంచి కడుపులోకి దిగేసరికి ఇంకో మాటైంది.

డాక్టరమ్మకు ఆ జబ్బు కొట్టిన పిండి. ఈకల పొడి, ఎండిన రెట్టల పొడి గాలిలో కలిసి లోపలికి పోతుంటే చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒళ్లు మాత్రం దాన్ని పగబడుతుంది. ఆ పోట్లాటలో నలిగేది ఊపిరితిత్తి. ఎక్కడో ఒకసారి పిట్టల అంగడి ముందు నిలబడితే రాదు. మళ్లీ మళ్లీ వెళ్లాలి. తలుపులు మూసిన చోట, దగ్గరగా, తీరిగ్గా కూర్చోవాలి.

ఆ సాయంత్రం ఆమె మామూలుగానే అడిగింది. "మీరు వెళ్లే చోట ఎక్కడైనా పిట్టలున్నాయా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పార్కులో పావురాలుంటాయి. గింజలేస్తుంటాను."

ఆమె నమ్మాలనుకుంది, కొన్నాళ్లు నమ్మింది కూడా. ఈలోగా ఛాతీ డాక్టరు రక్తం పరీక్షకి పంపాడు. ఒంటికి ఏ పిట్ట మీద కోపమో చెప్పే పరీక్ష అది. ఫలితం వచ్చాక ఆయనే ఫోన్ చేశాడు. "పావురం కాదు మేడమ్. చిలకజాతి. బాగా ఎక్కువగా ఉంది."

అన్నం దగ్గర ఆమె నెమ్మదిగా అంది. "పార్కులో ఇప్పుడు చిలకలు కూడా గింజలు తింటున్నాయా?"

ఆయన కంచంలో వేలితో గీతలు గీశాడు. నక్షాలు గీసే చెయ్యి కాబట్టి ఆ గీతలు కూడా తిన్నగానే వచ్చాయి. చివరికి, "మరదలింటికి వెళ్తాను," అన్నాడు.

"ఏ మరదలు?"

"మా మావయ్య కూతురు."

డాక్టరమ్మ ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదు, పేరు మాత్రం విన్నది. ఒకప్పుడు వీళ్లిద్దరికీ పెళ్లనుకున్నారనీ, పెద్దవాళ్లు ఏదో మాటపట్టింపుకి పోయి సంబంధం తప్పించారనీ అత్తగారు ఎప్పుడో చెప్పింది. తన పెళ్లినాడు ఎవరో ముసలావిడ తనను తేరిపార చూసి, "ఆ పిల్లదే ఒడ్డూపొడుగూ," అని పక్కావిడతో అన్న మాట అన్నేళ్లూ ఎక్కడ దాక్కుందో, ఇప్పుడు చక్కగా బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్లుగా?"

"రోడ్డు వెడల్పు చేసినప్పటి నుంచి. కొలతలకి వెళ్లి తలుపు కొడితే తనే తీసింది. మొగుడు పోయాడట. ఒక్కతే ఉంది. పిట్టల్ని పెంచి అమ్ముతుంది."

రోడ్డు వెడల్పు చేసి ఎన్నేళ్లయిందో ఆమె లెక్కేసుకోబోయి మానేసింది. "అక్కడేం చేస్తారు?"

"బోనులు చేసిపెడతాను. ట్రేలు కడుగుతాను. టీ తాగుతాను. కూర్చుంటాను."

"మన స్నానాలగది గడియ ఎప్పట్నుంచి వేలాడుతోంది?"

"నువ్వు చెప్పలేదు."

"చెప్తేనే కనిపిస్తుందా?"

ఆయన తల వంచుకున్నాడు. తప్పు చేసిన మొహం కాదది, వర్షంలో తడుస్తూ నిలబడ్డ మొహం. అలా నిలబడటమే ఆమెకు ఒళ్లు మండించింది. "ఇక ఆ గుమ్మం తొక్కకూడదు," అంది. "ఇది నేననే మాట కాదు. మీ ఊపిరితిత్తే అంటోంది." అలా అంటున్నప్పుడు నాలిక మీద ఏదో తియ్యగా తగిలింది. తనకే సిగ్గేసింది. కానీ తీపి తీపే.

ఆయన ఆ వారం నుంచి వెళ్లడం మానేశాడు. అంతటితో అయిపోవాలి. డాక్టరమ్మకు మాత్రం నిద్రలోనూ తలుపు తీసే ఒడ్డూపొడుగు మనిషే కనిపించేది. చివరికి, జబ్బు ఎక్కణ్నించి వచ్చిందో చూడటం డాక్టరుగా తన బాధ్యత అని తనకు తానే నచ్చజెప్పుకుని, ఒక మధ్యాహ్నం చిరునామా పట్టుకుని బయల్దేరింది.

సైకిళ్ల రిపేరు దుకాణం మీది వాటా అది. మెట్ల దగ్గరే కిచకిచలు వినిపించాయి. తలుపు తీసిన మనిషిని చూసి డాక్టరమ్మ ఒక క్షణం పొరపాటున వచ్చాననుకుంది. లావుపాటి మనిషి, సగం రంగు పోయిన జుట్టు, దారంతో మెళ్లో వేలాడే కళ్లజోడు, భుజం మీద గింజల పొట్టు. అందగత్తె అయ్యుంటే బాగుండేది. మగవాడి బుద్ధి అని సరిపెట్టుకునేది. ఈ మనిషి కోసం ఆయన ఇన్నేళ్లు వచ్చాడంటే కారణం ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో తన దగ్గర లేదు.

"అక్కా, మీరే కదూ," అంది మరదలు. "లోపలికి రండి. బావకెలా ఉంది? ఒక్క ముక్క ఫోన్లో చెప్పి పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తడు."

"మందులు వేస్తున్నాం. నేను ఇల్లు చూడటానికొచ్చాను. మీరు ఏమీ అనుకోకండి."

"చూడండక్కా, మీ ఇల్లే."

ఆ మర్యాద మాట కూడా డాక్టరమ్మకు గుచ్చుకుంది. గాజు తలుపులు బిగించిన బాల్కనీ నిండా బోనులు. పచ్చవి, నీలివి, తురాయివి, చిన్నా పెద్దా పిట్టలు. ఎండ పడ్డ చోట ధూళి బంగారు పొడిలా తేలుతోంది. డాక్టరు కళ్లు ఆ ధూళిని చూశాయి. పెళ్లాం కళ్లు బోనుల్ని చూశాయి. ఎంత పొందిగ్గా ఉన్నాయో. మూలలు నున్నగా గీకి, చెక్కకి చెక్క కనపడకుండా అతికించి ఉన్నాయి. ప్రతి బోను మీదా ఆయన చేతిరాతతో ఒక చిన్న బాణం, దాని కొసన 'ఉత్తరం' అన్న మాట.

"ఇదేమిటి?"

"మీ ఆయన పరాచికాలు," అని నవ్వింది మరదలు. "పిట్ట ఎగిరిపోతే దారి తెలియాలిగా అంటాడు. ఆ పొట్టిదానికి వీధి నంబరు కూడా ఇచ్చాడు."

తన భర్త పరాచికాలాడతాడని డాక్టరమ్మకు తెలియదు. తెలిసినట్టే తల ఊపింది.

అప్పుడే వెనకనుంచి ఆయన నవ్వు వినిపించింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక పొంగిపోయి, చివర దగ్గుతో తెగిన నవ్వు. ఆమె గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. పెద్ద బోనులో ఒక బూడిదరంగు చిలక తల వంకరగా పెట్టి ఆమెను చూస్తోంది.

"అది బావ నవ్వు," అంది మరదలు. "దగ్గుతో సహా నేర్చుకుంది పాడుది. అచ్చంగా ఉంటుంది కదక్కా?"

"అచ్చంగా ఉంది," అంది డాక్టరమ్మ. గొంతు ఆయనదే, కానీ అలాంటి నవ్వు తను ఎప్పుడూ వినలేదు. చిలక వింది, నేర్చుకునేన్ని సార్లు వింది. ఒక చిలక మీద కడుపు రగలడం ఎంత చిన్నతనమో ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన రగలడం ఆగలేదు.

మరదలు టీ ఇచ్చింది. తను తాగకుండా, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "అక్కా, ఒకటి అడుగుతాను. డాక్టరుగా చెప్పండి. ఈ పిట్టలన్నీ ఇచ్చేస్తే బావ ఎప్పుడైనా రావచ్చా?"

డాక్టరమ్మ తెరల వంకా, పరుపు వంకా, ఫ్యాను రెక్కల వంకా చూసింది. "రాకూడదు," అంది. "ధూళి గోడల్లోకి ఇంకిపోతుంది. జబ్బు మళ్లీ రేగితే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. ఇక వెనక్కి రాదు. ఎప్పటికీ రాకూడదు."

ఊపిరితిత్తి గట్టిపడుతుందన్నది నిజం. ధూళి చాలాకాలం ఉంటుందన్నదీ నిజమే. 'ఎప్పటికీ' అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆమె సొంతం.

మరదలు అలాగేనన్నట్టు తల ఊపింది. మెట్ల దాకా వచ్చి దిగబెట్టింది.

మందులు పనిచేశాయి. ఆయన దగ్గు తగ్గింది. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. స్నానాలగది గడియ బాగుచేశాడు. అడగకుండానే వంటింటి అలమర తలుపు కూడా సరిచేశాడు. బుధవారం సాయంత్రమైతే ఉతికిన చొక్కా వేసుకుని హాల్లో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్లడు. కాసేపయ్యాక లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవాడు.

డాక్టరమ్మ ఆ రోజుల్లో పెందరాళే ఇంటికి రావడం మొదలుపెట్టింది. టీ పెట్టి ఎదురుగా కూర్చునేది. ఒకసారి ఆసుపత్రిలో జరిగిన తమాషా చెప్పింది. నత్త డాక్టరు ఒక పలకను అంతసేపు చూసి, చివరికి అది తలకిందులుగా పెట్టారని కనిపెట్టాడట. ఆయన మర్యాదగా నవ్వాడు, పెదాలతో. ఆమె ఆ నవ్వును చిలక నవ్వుతో పోల్చి చూసుకుని లోపల ఉడికిపోయింది.

"అక్కడ ఏం మాట్లాడుకునేవారు?" అని అడిగింది, ఆగలేక.

"ఏవో."

"ఆ ఏవో ఇక్కడ మాట్లాడకూడదా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "నువ్వు అలా చూస్తుంటే మాట రాదు."

"ఎలా చూస్తున్నాను?"

"మైక్రోస్కోపు కింద పెట్టినట్టు. నేనేదైనా అంటే దాని వెనకాల ఏముందా అని వెతుకుతావు. వెనకాల ఏమీ ఉండదు. ఊరికే అంటాను. అక్కడ ఎవరూ వెతకరు. ఆ పిట్టల గోలలో నా మాట సగం వినపడదు కూడా."

అంత పొడుగు మాట ఆయన తనతో ఎప్పుడన్నాడో ఆమెకు గుర్తులేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కడిగినవే మళ్లీ కడిగింది. ఏమీ జరగలేదట, ఊరికే మాట్లాడతాడట. ఏదైనా జరిగి ఉంటే కోప్పడి, ఏడ్చి, వదిలేసేది. ఊరికే మాట్లాడే మాటల మీద ఎవరి దగ్గర తగువు పెట్టుకోవాలి?

ఆసుపత్రిలో వారానికోసారి డాక్టర్లందరూ కలిసి కష్టమైన కేసులు చర్చిస్తారు. పలకలు తెర మీద వేసి డాక్టరమ్మ వివరిస్తుంది. ఆ వారం మొదట ఒక గడ్డ, తర్వాత ఇంకో గడ్డ. మూడోది ఒక ఆడమనిషి ఊపిరితిత్తి. పావురాల గూళ్ల పక్కన బతికిన మనిషి. అదే వాపు, అవే వదులు గుంపులు.

"గూళ్లు తీసేయించారు," అన్నాడు ఛాతీ డాక్టరు. "ఆవిడ కూతురింట్లో ఉంది. మళ్లీ తన ఇంటికి వెళ్లచ్చా అని అడుగుతోంది. ఏం చెప్పను?"

నత్త డాక్టరు అందుకున్నాడు. "వెంటనే వద్దు. పిట్టల్ని తీసేసినా ధూళి నెలల తరబడి ఉంటుంది. పరుపులు, తెరలు పారేసి, గోడలు కడిగి, ఏడాదో ఏడాదిన్నరో ఆగితే చాలావరకు పోతుంది. అప్పుడు పరీక్షలు చేస్తూ మెల్లగా పంపచ్చు. అంతేగా మేడమ్?"

గదిలో అందరూ తీర్పు కోసం ఆమె వైపు తిరిగారు.

"అంతే," అంది డాక్టరమ్మ.

ఆ పగలంతా ఆమెకు పని మీద చూపు నిలవలేదు. తొందరపెట్టిన సర్జన్లను గుమ్మంలోనే నిలబెట్టిన మనిషి తను. పలకలో లేనిది ఒక్క అక్షరం రాయమన్నా రాయని మనిషి. అలాంటిది ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చుని, డాక్టరుగా చెప్పండి అని అడిగితే తప్పుడు రిపోర్టు ఇచ్చింది. మరదలి మీద కుళ్లు ఇసుమంతైనా తగ్గలేదు. దాని పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. రెండూ ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటున్నాయి.

సాయంత్రం ఆ వాటా మెట్లెక్కుతుంటే ఏ చప్పుడూ వినిపించలేదు. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మరదలు స్టూలెక్కి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. బాల్కనీ బోసిగా ఉంది. గోడలకు కొత్త సున్నం.

"పిట్టలేవి?" అంది డాక్టరమ్మ, గుమ్మంలోనే నిలబడి.

"ఇచ్చేశానక్కా."

"అన్నీ?"

"అన్నీ. ఆ నవ్వే దాన్ని అన్నిటికన్నా ముందిచ్చేశాను. అది నవ్వినప్పుడల్లా తలుపు వంక చూసేదాన్ని."

"నేను ఎప్పటికీ రాకూడదని చెప్పాను కదా."

"చెప్పారు."

"మరెందుకిచ్చేశారు? మీ బతుకు దాని మీదే కదా?"

"కుట్టుమిషనుంది. చేతనవుతుంది." మరదలు గుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. "బావ ఊపిరి తిన్నాయని తెలిశాక వాటికి గింజలెయ్యడానికి చెయ్యి రాలేదక్కా. తను వచ్చినా రాకపోయినా."

డాక్టరమ్మ బోసి బాల్కనీ వంక చూసింది. తిరిగి దొరికేది ఏమీ లేదని తెలిసీ ఈ మనిషి ఉన్నదంతా ఒక్క ఊపులో తీసిచ్చేసింది. ఇన్నేళ్ల కాపురంలో తను ఆయన కోసం ఏం వదిలిందో వెతికితే చేతికి ఏమీ తగల్లేదు. ఆయన్ని తను బతికించుకుందామనుకున్న చోట కూడా ఈవిడ ముందే వచ్చి నిలబడింది. ఇది ఆ చిలక నవ్వును మించిన దెబ్బ.

"ఆ రోజు నేను చెప్పింది అబద్ధం," అంది. "ఎప్పటికీ అన్న మాట. అలా ఏం లేదు. బాగా శుభ్రం చేసి ఏడాదో ఏడాదిన్నరో ఆగితే, పరీక్షలన్నీ సరిగ్గా ఉంటే, రావచ్చు."

మరదలు స్టూలు దిగింది. "ఎందుకలా చెప్పారక్కా?"

డాక్టరమ్మ కళ్లు దించుకోలేదు. "కుళ్లు," అంది. "మీరంటే నాకు కుళ్లు."

కోప్పడుతుందనుకుంది. మరదలు స్టూలు మీదే కూర్చుని, తడిగుడ్డ ఒళ్లో పెట్టుకుని, నేల వంక చూస్తూ మెల్లగా అంది. "నాకు మీరంటే లేదనుకున్నారా? ప్రతిసారీ టీ సగంలో ఉండగానే గడియారం చూసేవాడు. ఆవిడ వచ్చేస్తుంది, వెళ్లాలి అని లేచేవాడు. మీ ఆసుపత్రి కబుర్లు మాత్రం నాకు గొప్పగా చెప్పేవాడు. నీకేం తెలుసే, మా ఆవిడ చిటికెడు కండ చూసి మనిషి జాతకం చెప్తుంది అని. ఎంత మండేదో. మీకు ఇల్లంతా ఉంది. నాకు బుధవారం, శనివారం."

ఆయన తన గురించి గొప్పగా చెప్పుకునేవాడని డాక్టరమ్మకు ఇప్పుడే తెలిసింది. ఆ మాట కూడా ఈ ఇంట్లో అన్నదే, తనకు వినపడకుండా అన్నదే. సంతోషం, కోపం ఒకేసారి వచ్చాయి.

ఆమె చెప్పులు విడిచి లోపలికొచ్చింది. తిరిగి చూడటం మొదలుపెట్టింది. అలమర పైన వేలు రాసి చూసింది. కిటికీ చట్రం సందులో చూసింది. "ఈ తెరలు ఉతికితే చాలదు, పారేయాలి. పరుపు కూడా. ఫ్యాను కొత్తది వేయించు. బాల్కనీ పగులు పూడ్పించు, రెట్టలన్నీ అందులోకే పోయుంటాయి."

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. ఆమె చెప్పిన దానికల్లా మరదలు తల ఊపింది. చివరికి, "అలాగే అక్కా. ఏడాది ఆగుతాను," అంది.

డాక్టరమ్మ గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. వెళ్లిపోతే సరిపోయేది. నిజం చెప్పేసింది, బాధ్యత తీరింది. ఆ బోసి బాల్కనీ వంక ఇంకోసారి చూసింది.

"అప్పటిదాకా నువ్వే రా," అంది. "శనివారం. తలస్నానం చేసి, ఇక్కడ ఆరేయని బట్టలు కట్టుకుని రా."

ఇంటికెళ్లి భర్తకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "నువ్వు పిలిచావా?" అన్నాడు.

"నేనే."

ఆయన శనివారం రెండుసార్లు చొక్కా మార్చాడు. అది డాక్టరమ్మ చూసింది. చూడనట్టు ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. "మొదటిదే బాగుంది," అంది. అని, తన నాలిక తనే కొరుక్కుంది.

మరదలు జుట్టు ఇంకా ఆరకుండానే వచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చుంది. డాక్టరమ్మ టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లింది. మొదట హాల్లోంచి ఏమీ వినిపించలేదు. తర్వాత ఆయన గొంతు మొదలైంది. నెమ్మదిగా, ఆగి ఆగి, తర్వాత ధారాళంగా. అన్ని మాటలు ఆయన నోట పుట్టగలవని ఆమె అనుకోలేదు. నీళ్లు మరిగిపోతున్నా చూసుకోకుండా వింటూ నిలబడింది. పిల్చింది తనే. ఇప్పుడు ఆ మాటలు తన ఇంట్లోనే, తన కుర్చీల్లోనే పుడుతున్నాయి. అయినా అవి తనవి కావు.

ఆమె ట్రే పట్టుకుని రాగానే ఆయన మాట మధ్యలో తెగిపోయింది.

"ఆపావేం బావా," అంది మరదలు. "అక్కకి కూడా చెప్పు."

"మొదట్నుంచి చెప్పాలి," అన్నాడాయన, ఇబ్బందిగా.

"చెప్పండి," అంది డాక్టరమ్మ. తనూ కూర్చుంది. ఆయన మొహంలోకి చూడబోయి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆయన ఆమెకు మసకగా, ఒక చొక్కా, ఒక చెయ్యి, అంతే.

ఆయన మొదలుపెట్టాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నక్షాలో పొరపాటున లేని వీధిని గీశాడట. అది అచ్చయిపోయింది. ఎవరూ కనిపెట్టలేదు. కొన్నాళ్లకి ఒక పెద్దమనిషి ఆఫీసుకొచ్చి, ఆ వీధిలో తనకు ఇల్లు కావాలని గొడవ పెట్టుకున్నాడట. చెబుతున్నంతసేపూ ఆయన మరదలి వైపే తిరిగి ఉన్నాడని, మసకలోనూ డాక్టరమ్మకు తెలుస్తూనే ఉంది. ఓర్చుకుంది. కథ అయిపోవచ్చినప్పుడు అడిగింది.

"ఆ వీధికి పేరేం పెట్టారు?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆ ప్రశ్న వెనకాల ఏమైనా ఉందేమోనని వెతికినట్టు కాసేపు ఆగాడు. ఏమీ లేదు.

"పేరు పెట్టడానికి భయమేసింది," అన్నాడు. "నంబరిచ్చాను. ఆయన ఆ నంబరు పట్టుకునే వచ్చాడు." మరదలు పకపకా నవ్వింది. డాక్టరమ్మకు నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

చీకటి పడకముందే మరదలు లేచింది. గుమ్మంలో ఆయన ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆ అనబోయేది ఏమిటో డాక్టరమ్మకు అర్థమైంది. ఆ మాట ఆయన నోటినుంచి రావడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"బుధవారం కూడా రా," అని తనే ముందు అనేసింది.